సరుగుడు తోట పక్కన ఐదు రోజులు: బడి పిల్లలకి స్కౌట్ వేసవి క్యాంపు పెట్టే పద్ధతి

ఏప్రిల్ వచ్చిందంటే పిల్లలు వెంటపడతారు, "సార్, ఈసారి క్యాంపు ఉందా?" అని. మాస్టర్లకీ పెట్టాలనే ఉంటుంది. కానీ ఎక్కడ పెట్టాలి, ఏం నేర్పాలి, నలభై మంది పిల్లల్ని ఐదు రోజులు ఎలా చూసుకోవాలి అన్న టెన్షన్‌తోనే సగం మంది ఆగిపోతారు. నేను కందుకూరు వైపు బడిలో పనిచేస్తూ రామాయపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఉన్న తీరంలో పిల్లల్ని క్యాంపులకి తీసుకెళ్లిన అనుభవంతో ఇది రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టే స్కౌట్ మాస్టర్లకి, ఆడపిల్లల గైడ్ దళాల్ని నడిపే గైడ్ కెప్టెన్లకి పనికొస్తుంది.

ముందు నా తప్పు చెప్తాను. మొదటి క్యాంపులో నేను పద్నాలుగు అంశాలు పెట్టాను, గంటకొకటి. ముడులు, కట్లు, దిక్సూచి, సిగ్నలింగ్, ప్రథమ చికిత్స, మ్యాపు, ఇంకా ఏవేవో. పిల్లలు అన్నీ నోట్సులో చక్కగా రాసుకున్నారు, బొమ్మలు కూడా వేశారు. ఐదో రోజు సాయంత్రం సామాన్లు బండికెక్కించేటప్పుడు బియ్యం మూట కట్టమని ఒక పిల్లాడి చేతికి తాడిస్తే వాడికి ఏ ముడి వెయ్యాలో తోచలేదు, నోట్సు తియ్యబోయాడు. ఆ రోజు నుంచి నాది ఒకటే లెక్క. ఐదు రోజులకి ఐదు విద్యలు. తాడు పని, వంట, ప్రథమ చికిత్స, దిక్కులు-కొలతలు, తుఫాను జాగ్రత్తలు. ఒక్కోటీ చీకట్లో కూడా చెయ్యగలిగేదాకా చేతికి ఎక్కాలి. మిగిలినవి వచ్చే ఏడాది నేర్చుకుంటారు.

తేదీలు చూసుకునేటప్పుడు రోహిణీ కార్తె జోలికి పోవద్దు. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు, మే 25 తర్వాత మన జిల్లాల్లో పగటిపూట పిల్లల్ని బయట తిప్పడం వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే. బడికి సెలవులిచ్చిన మొదటి వారంలోనే, ఏప్రిల్ ఆఖర్లో పెట్టెయ్యాలి. అప్పుడు కూడా ఎండ ఎండే కాబట్టి రోజుని రెండు ముక్కలు చేసుకోండి. పొద్దున ఐదింటికి విజిల్, ఆరింటిలోపు స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ చెప్పిన ఆరు వ్యాయామాలు, జెండా వందనం, ప్రార్థన. తొమ్మిదింటి దాకా బయటి పనులు. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నర దాకా నీడ పట్టునే ఉండాలి. తాడు పని, ప్రథమ చికిత్స, లాగ్ బుక్ (క్యాంపు డైరీ) రాయడం లాంటి కూర్చుని చేసే పనులన్నీ అప్పుడే. నాలుగున్నర తర్వాత సముద్రపు గాలి తిరుగుతుంది, పిల్లల మొహాలు కూడా తేటపడతాయి, ఇక చీకటి పడేదాకా మీ ఇష్టం. ఒక ఏడాది హైక్ (కాలినడక ప్రయాణం) ఆలస్యమై పదకొండున్నరకి తిరిగొస్తుంటే ఏడో తరగతి పాప కళ్లు తిరిగి పడిపోయింది. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డలు కప్పి విసిరితే తేరుకుంది గానీ ఆ పావుగంట నాకు ఇంకా గుర్తే. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా తొమ్మిదింటికి వెనక్కి వచ్చెయ్యాలన్నది మా క్యాంపులో చట్టం. ఉదయగిరి కొండెక్కినా అంతే, ఐదింటికే మొదలుపెట్టి ఎక్కినంత ఎక్కి దిగాల్సిందే.

స్థలం విషయంలో నా సలహా, పడుకోవడానికి పక్కా భవనం, పని చెయ్యడానికి ఆరుబయలు. తీరంలో ఊరి బడి గానీ తుఫాను షెల్టర్ గానీ దొరికితే అంతకన్నా మంచిది లేదు. టెంటు సరదా పిల్లలకి ఉంటుంది, పగలు ఒక టెంటు వేయించండి, కానీ రాత్రి నేల మీద పడుకోబెట్టకండి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, అది కాటేస్తే పెద్దగా నొప్పి కూడా తెలియదు. రాత్రి బాత్రూముకి వెళ్లాలంటే ఇద్దరిద్దరు, చేతిలో టార్చిలైటు, కాళ్లకి చెప్పులు. హెడ్ మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, ఆడపిల్లలుంటే లేడీ టీచర్, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందే ఒక మాట, ఇవి మీకు తెలిసినవే. ఎవరికి ఫిట్సు వస్తాయి, ఎవరికి ఉబ్బసం ఉంది అన్నది మాత్రం సంతకాల కాగితంలోనే రాయించుకోండి, పిల్లలు తమంతట తాము చెప్పరు.

ఇక అసలు సంగతి, పెట్రోల్ పద్ధతి. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది దళం, వాళ్లకొక లీడర్. 1907లో బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ పెట్టిన మొదటి క్యాంపుకి వచ్చింది 20 మంది పిల్లలే, వాళ్లనీ 4 దళాలు చేశాడాయన. అందులో ఒక దళం పేరు ఎద్దులు. కాబట్టి మన పిల్లలు ఒంగోలు గిత్త అని పేరు పెట్టుకుంటామంటే సంతోషంగా ఒప్పుకోండి. గైడ్లు పూల పేర్లు పెట్టుకుంటారు, మల్లె, తంగేడు, కనకాంబరం, ఏదైనా సరే. దళాన్ని ఒకే తరగతి పిల్లలతో నింపకండి, పెద్దా చిన్నా కలపండి. నీళ్లు, పొయ్యి, వంట, శుభ్రం అని నాలుగు పనులు, ఒక్కోదానికి ఇద్దరు. రోజూ మారుతుండాలి. ఎవరి పని ఏంటో లీడరే మార్కాపురం పలక మీద రాసి తలుపుకి తగిలించాలి. మీరు పిల్లలకి నేరుగా పని చెప్పొద్దు, లీడర్లని పిలిచి చెప్పండి. మూడు పొట్టి ఊతలు, ఒక పొడుగు ఊత విజిల్ ఊదితే లీడర్లు రావాలి. వెంటవెంటనే పొట్టి ఊతలు ఊదితే అందరూ వచ్చి వరసలో నిలబడాలి. ఒక్క పొడుగు ఊతకి ఎక్కడివాళ్లక్కడ గమ్మునుండి వినాలి. ఈ మూడూ మొదటి గంటలోనే అలవాటు చేస్తే ఐదు రోజులు మీ గొంతు నిలబడుతుంది.

తాడు పని. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే చెయ్యి పని నేర్చుకోవడం ఎలాగో పిల్లాడికి తెలిసేది ఇక్కడే. మనిషికి రెండు బారల తాడు కొనండి, వేలు లావు నూలు తాడైతే మంచిది. నైలాన్ తాడు జారుతుంది, నేర్చుకునే చేతికి పనికిరాదు. కట్లకి కొబ్బరిపీచు తాడు చవక, పట్టు కూడా బాగుంటుంది. కర్రలకి మన తీరంలో సరుగుడుని మించింది లేదు, నిటారుగా ఉంటుంది, తోటవాళ్లని అడిగితే ఐదారడుగుల కర్రలు తక్కువకే ఇస్తారు.

ముడులు నాలుగు చాలు. రీఫ్ నాట్, కట్టు గుడ్డకి. కుడి కొస ఎడమ మీదుగా, మళ్లీ ఎడమ కొస కుడి మీదుగా, రెండుసార్లూ కుడే పైకొస్తే అది జారిపోయే ముడి. క్లోవ్ హిచ్, గుంజకి. తాడుని కర్ర చుట్టూ ఒకసారి తిప్పి, రెండో చుట్టుని మొదటి దాని మీదుగా దాటించి, కొసని ఆ రెండో చుట్టు కిందనుంచి దూర్చి లాగాలి. ఇంట్లో గేదెకి పలుపు కట్టే పిల్లలకి ఇది సగం వచ్చే ఉంటుంది. బోలైన్, మనిషిని పైకి లాగడానికి, బిగుసుకుపోని ఉచ్చు ఇది. చిన్న ఉంగరం చుట్టి పిల్లలకి ఇలా చెప్తాను: ముంగిస బొరియలోంచి పైకొచ్చింది, తాటిచెట్టు వెనకనుంచి తిరిగింది, మళ్లీ అదే బొరియలో దూరింది. ఉంగరం బొరియ, పొడుగు తాడు తాటిచెట్టు, చేతిలో కొస ముంగిస. నాలుగోది షీట్ బెండ్, లావు తాడుకి సన్న తాడు కలపడానికి.

ఈ షీట్ బెండ్ దగ్గరే నాకు పాఠం చెప్పిన పిల్లాడున్నాడు. జాలర్ల పాలెం నుంచి వచ్చాడు, తొమ్మిదో తరగతి, క్లాసులో నోరు విప్పడు, వెనక బెంచీ. నేను బోర్డు మీద బొమ్మ వేసి వివరిస్తుంటే వాడు కిందకి చూస్తూ కూర్చున్నాడు, వినడం లేదనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఒళ్లో తాడు పెట్టుకుని ఆ ముడే వరసగా నాలుగు వేసేసి ఉన్నాడు, ఎడమ బొటనవేలితో ఉచ్చు నొక్కిపట్టి, కుడి చేత్తో కొస తిప్పి, చూడకుండానే. "ఇది వల ముడి గదా సార్, మా నాయన వల బాగుచేసేటప్పుడు నేనే ఏస్తా" అన్నాడు. నిజమే, వల అల్లేటప్పుడు వేసే ముడీ మన పుస్తకంలో షీట్ బెండూ ఒకటే. ఆ మధ్యాహ్నం నేను పక్కకి తప్పుకుని వాడి చేతే నేర్పించాను, దళానికి అరగంట చొప్పున. ఐదో రోజు వాడు జెండా దగ్గర నిలబడి గట్టిగా "స్కౌట్ సావధాన్" అని అరుస్తుంటే బడిలో చూసిన పిల్లాడేనా అనిపించింది. మీ పిల్లల్లో కూడా జాలరి ఇంటివాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, పందిళ్లు వేసేవాళ్ల పిల్లలు ఉంటారు. క్యాంపుకి ముందే కనుక్కోండి, ఎవరి చేతిలో ఏ పని ఉందో.

ముడులయ్యాక కట్లు, అంటే కర్రల్ని తాడుతో కలిపి బిగించడం. నిలువు కర్రకి అడ్డ కర్రని కట్టే స్క్వేర్ లాషింగ్ ఒక్కటి బాగా వస్తే సగం సామాన్లు తయారుచేసుకోవచ్చు. నిలువు కర్రకి క్లోవ్ హిచ్ వేసి మొదలుపెట్టి, రెండు కర్రల్నీ కలిపి మూడు చుట్లు, తర్వాత ఆ చుట్ల మీద కర్రల మధ్యగా రెండు బిగింపు చుట్లు, చివర అడ్డ కర్రకి మళ్లీ క్లోవ్ హిచ్. ప్రతి చుట్టుకీ లాగి బిగించకపోతే రేపటికి వదులవుతుంది. ఉత్తుత్తి కట్లు కట్టించొద్దు, క్యాంపులో అవసరమైనవే చేయించండి. చెప్పుల స్టాండు, కంచాల స్టాండు, చేతులు కడుక్కోవడానికి మూడు కర్రల ముక్కాలిపీట మీద కాలితో తొక్కితే వంగే నీళ్ల డబ్బా. వాళ్లు కట్టిన స్టాండు అర్ధరాత్రి కూలి కంచాలన్నీ పడ్డాయంటే, పొద్దున్నే వాళ్లే ఏ కట్టు వదిలిందో వెతికి చూస్తారు. ఆ వెతుకులాటలో నేర్చుకున్నది మనం చెప్తే రాదు.

వంట దళానికి వేరువేరుగా, ఒక్క పూటే, సాయంత్రం. మిగతా రెండు పూటలూ వంటమనిషిని పెట్టుకోండి, లేకపోతే రోజంతా పొయ్యి దగ్గరే గడుస్తుంది. ఎనిమిది మందికి కిలో పావు బియ్యం, పావుకిలో పైన కొంచెం కందిపప్పు, టమాటాలు, చింతపండు, పోపు సామాను కొలిచి లీడర్‌కి ఇచ్చెయ్యండి. మొదటి రోజు అన్నం, పప్పుచారు. అన్నం మాడినా ముద్దయినా అదే తినాలి, మీరూ వాళ్లతోనే తినాలి. గిన్నె అడుగున బయటివైపు తడిమట్టి పూయిస్తే మసి తేలిగ్గా వదులుతుంది, మన అమ్మమ్మలందరూ చేసిందే. పొయ్యి మూడు రాళ్లదైనా, గుంట తవ్వినదైనా, నోరు గాలి వచ్చే వైపు ఉండాలి.

ఇక్కడొక హెచ్చరిక. సరుగుడు తోట లోపల పొయ్యి వెలిగించనివ్వొద్దు. కింద రాలిన ఎండు ఆకు పరుపులా ఉంటుంది, అగ్గిపుల్ల పడినా అంటుకుంటుంది. తోట బయట, ఇసుక తేలేదాకా చుట్టూ ఆరేడు అడుగుల మేర ఊడ్చి, బకెట్ ఇసుకా బకెట్ నీళ్లూ పక్కన పెట్టుకున్నాకే అగ్గిపెట్టె తియ్యాలి. క్యాంప్‌ఫైర్‌కీ ఇదే పద్ధతి.

నాలుగో రోజు గిన్నెలు లేకుండా వంట పెట్టండి, పిల్లలకి పండగ. నిప్పుల్లో బంగాళదుంప, చిలగడదుంప, కర్రకి చుట్టి కాల్చిన చపాతీ పిండి, మట్టి మెత్తి కాల్చిన గుడ్డు. గుడ్డుకి పైన సూదితో చిన్న బొక్క పెట్టకపోతే పేలుతుంది. ముంజల కాలం కదా, కొట్టించి ఉంచితే అదే చివర్లో స్వీటు.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు తాగడానికే లెక్కెయ్యండి. నలభై మందికి ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది. పదకొండింటికి, మూడింటికి ఉప్పేసిన పల్చటి మజ్జిగ తలా ఒక గ్లాసు, దాహం లేదన్నా తాగాల్సిందే.

ప్రథమ చికిత్సలో పెద్ద పుస్తకం అక్కర్లేదు, మన ఊళ్లో నిజంగా జరిగేవి నాలుగు చెప్పండి. వడదెబ్బ, పాముకాటు, నీళ్లలో పడటం, దెబ్బలు-ఎముక విరగడం. విరేచనాలకి, ఎండకి నీరసపడితే ఇచ్చే ద్రావణం ప్రతి పిల్లాడూ తన చేత్తో కలపాలి. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు, పంచదార టీ చెంచాతో తలగొట్టి ఆరు, ఉప్పు అర చెంచా. ఉప్పు ఎక్కువైతే హాని, అందుకే కలిపాక రుచి చూడాలి, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదు. వడదెబ్బకి నీడ, తడి, గాలి, మెడ దగ్గరా చంకల్లో తడిగుడ్డలు. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్.

పాముకాటుకి ఏం చెయ్యకూడదో ముందు నేర్పండి, ఎందుకంటే పిల్లలు సినిమాల్లో చూసింది వేరు. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు, మంత్రాలకి తీసుకెళ్లొద్దు. పట్టీలు, ఉంగరాలు తీసేసి, కాలు కదలకుండా కర్ర బద్ద పెట్టి స్కార్ఫుతో కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడలో ఉన్న స్కార్ఫు మూడు మూలల గుడ్డే, విప్పితే చేతికి జోలె, తలకి కట్టు, అన్నీ అదే. నడిపించకుండా ఎలా తీసుకెళ్తారని అడిగితే స్ట్రెచర్ చేయించండి. రెండు గోనెసంచుల అడుగు మూలలు కోసి రెండు సరుగుడు కర్రలు దూర్చడమే. మొదట పడుకోబెట్టాల్సింది పిల్లల్ని కాదు, మిమ్మల్ని. మోకాలి ఎత్తు మాత్రమే లేపించండి, మీ బరువు ఆగిందంటే ఎవరి బరువైనా ఆగుతుంది.

సముద్రంలో స్నానం వద్దు. మైపాడైనా కొత్తపట్నమైనా ఏ బీచ్ అయినా, ఎంత బతిమాలినా వద్దు. ఒడ్డున నేర్పాల్సింది వేరే ఉంది. మునిగేవాడి కోసం దూకకూడదు, కర్ర అందించాలి, అందకపోతే తాడు కట్టిన ఖాళీ క్యాను విసరాలి. ఇసుకలో గీత గీసి పది గజాల దూరంలో ఒకణ్ణి కూర్చోబెట్టి పోటీ పెట్టండి, ఎవరి క్యాను వాడి చేతికందితే వాళ్లు గెలిచినట్టు.

దిక్కులు మన పిల్లలకి కొత్త కాదు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని ఇల్లు కట్టేటప్పుడు విని ఉంటారు, వాటి మధ్య దిక్కులు కలిపితే దిక్సూచి మీద పదహారు అవుతాయి. కొలతలు బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద నేర్పండి. కాలువ దాటకుండా వెడల్పు చెప్పాలి. అవతలి గట్టున ఒక చెట్టుకి ఎదురుగా నిలబడి, గట్టు వెంబడే ఇరవై అడుగులు వేసి ఒక కర్ర పాతాలి, అదే వరసలో ఇంకో ఇరవై అడుగులు నడవాలి. అక్కడినుంచి కాలువకి వీపు పెట్టి తిన్నగా నడుస్తూ వెనక్కి చూస్తుంటే, పాతిన కర్రా అవతలి చెట్టూ ఒకే గీతలోకి వచ్చే చోటు దొరుకుతుంది. అలా నడిచినన్ని అడుగులే కాలువ వెడల్పు. తాటిచెట్టు ఎత్తుకి నీడ చాలు. మీటరు కర్ర నీడ అరవై సెంటీమీటర్లు, చెట్టు నీడ తొమ్మిది మీటర్లు అనుకుంటే చెట్టు పదిహేను మీటర్లు. లెక్కల్లో త్రిభుజాలంటే ముఖం మాడ్చే పిల్లలు ఇక్కడ ఒకరితో ఒకరు వాదించుకుంటారు.

రాత్రి తొమ్మిదింటికి లైట్లన్నీ ఆర్పి బీచ్ మీద కూర్చోబెట్టండి. ఉత్తరాన సప్తర్షి మండలం బాగా పైన ఉంటుంది, ముందున్న రెండు నక్షత్రాల్ని కలిపి ఆ దూరానికి ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. మనది సుమారు పదిహేను డిగ్రీల అక్షాంశం కాబట్టి అది కూడా అంత ఎత్తులోనే, చెయ్యి చాచి పిడికిలి పెడితే పిడికిలిన్నర పైన, మసగ్గా కనిపిస్తుంది. అటునుంచి వెనక్కి తిప్పి దక్షిణం చూపించండి, దాదాపు అంతే ఎత్తులో త్రిశంకు నక్షత్రాలు నాలుగు, గాలిపటంలా. ఒకే రాత్రి రెండూ చూడగలిగే చోట మనం పుట్టాం, ఇది పిల్లలకి చెప్పి తీరాలి.

ఐదో విద్య తుఫాను. మన తీరానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానునీ, 2004 డిసెంబరు 26 సునామీనీ చూసిన పెద్దవాళ్లు పాలేల్లో ఉన్నారు. ఒక సాయంత్రం ఇద్దరు ముగ్గుర్ని పిలిచి దళాల మధ్య కూర్చోబెట్టండి. పిల్లలే అడగాలి, ముందు ఏం గమనించారు, ఏం తీసుకుని పరిగెత్తారు, ఏం మర్చిపోయారు అని. తర్వాత పోర్టుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయనీ, అంకె పెరిగేకొద్దీ సాధారణంగా ప్రమాదం పెరుగుతుందనీ, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయినట్టనీ చెప్పండి. చివరిగా ప్రతి దళం ఒక ఇంటికి సరిపడా సంచి సర్దాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా పుస్తకం కవర్లో పెట్టి, టార్చి, అగ్గిపెట్టె, మందులు, బిస్కెట్లు, నీళ్లు, తాడు. నాలుగో రాత్రి చెప్పకుండా అలారం ఊదండి, పొట్టి పొడుగు ఊతలు మార్చి మార్చి. దళాలన్నీ చీకట్లో సంచితో, స్ట్రెచర్‌తో, లెక్క తప్పకుండా షెల్టర్ మేడ మీదికి చేరాలి. మొదటిసారి ఎవరో ఒకరు తప్పిపోతారు, లీడర్‌కి లెక్కే గుర్తుండదు. తిట్టకండి, అర్ధగంటాగి మళ్లీ ఊదండి.

ఆటలు, క్యాంప్‌ఫైరు గురించి ఎక్కువ రాయను, అవి మీకంటే పిల్లలకే బాగా తెలుసు. కిమ్స్ గేమ్ మాత్రం రోజూ మధ్యాహ్నం ఆడించండి, ఇరవై నాలుగు వస్తువులు ఒక్క నిమిషం చూపించి గుడ్డ కప్పేస్తే ఎన్ని గుర్తున్నాయో రాయాలి. పొద్దున్నే తడి ఇసుక మీద జాడలు చదివించడం కూడా మంచి అలవాటు, పీతా, కుక్కా, కొంగా, ఎవరు ముందు నడిచారు అని. సముద్రం వైపు పాకే తాబేలు పిల్లలు కనిపిస్తే ముట్టుకోకుండా దారివ్వమనండి.

ఆఖరి రోజు గుంటలు పూడ్చి, బూడిద మీద నీళ్లు చల్లి చెయ్యి పెట్టి చూసి, కర్రలు తోటవాళ్లకి తిరిగిచ్చెయ్యండి. తాళ్లు మాత్రం బడి బీరువాలో పెట్టొద్దు. ఎవరి రెండు బారల తాడు వాళ్లకే ఇచ్చి ఇంటికి పంపండి. జూన్ రెండో వారంలో బడి తెరిచాక మొదటి శనివారం, ముందు చెప్పకుండా, ఆ తాడు తెమ్మనండి. కొందరివి కొత్తగానే ఉంటాయి, కొన్ని మాసిపోయి, నలిగి, కొసలు పీచులేచి ఉంటాయి. వచ్చే క్యాంపుకి పెట్రోల్ లీడర్లని నేను వాటిని చూసే ఎంచుకుంటాను.